ఇంటి కంప్యూటర్‌లో పేరుకుపోయిన పాత నెట్‌వర్క్ అడాప్టర్లను తీసేయడం

మా పర్లాకిమిడిలో ఎవరింటి కంప్యూటర్ తెరిచినా నెట్‌వర్క్ అడాప్టర్ల (కంప్యూటర్‌ను నెట్‌కు కలిపే భాగాలు) జాబితా చాంతాడంత ఉంటుంది. ఊరు ఒడిశాలో ఉంది, పక్కనే పాతపట్నం ఆంధ్రాలో ఉంది. 2016లో జియో వచ్చి రోమింగ్ బాధ తగ్గేదాకా ఇక్కడ చాలా ఇళ్లలో ఒడిశా సిమ్‌తో ఒక డాంగిల్ (కంప్యూటర్‌కు గుచ్చి నెట్ తెచ్చుకునే చిన్న పరికరం), ఆంధ్రా సిమ్‌తో ఇంకో డాంగిల్ ఉండేవి. ఆ రోజు ఏ టవర్ బాగా అందితే దాన్ని గుచ్చుకునేవారు. టెలిఫోన్ తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఆ తీగల్ని తెంపేసింది, కొన్నాళ్లు ఫోన్ టెథరింగే (ఫోన్‌లోని నెట్‌ను కంప్యూటర్‌కు ఇవ్వడం) దిక్కయింది. ఇప్పుడు ఫైబర్ నడుస్తోంది. డాంగిళ్లు ఎప్పుడో మూలన పడ్డాయి. విండోస్ మాత్రం తను ఒకసారి చూసిన ప్రతి అడాప్టర్‌నీ పేరుతో, సెట్టింగులతో సహా అలాగే గుర్తుపెట్టుకుంటుంది.

నాది జిరాక్స్, ఆన్‌లైన్ ఫారాల కొట్టు. కొట్టు కట్టేశాక తెలిసినవాళ్ల ఇళ్లకెళ్లి కంప్యూటర్లు చూస్తుంటాను. ఈ పాత అడాప్టర్ల విషయంలో అందరికీ ఒకటే చెబుతాను: ఒక్కో వరుసా ఏమిటో తెలుసుకుని తీయండి, గంపగుత్తగా తుడిచేయకండి. దానికి అరగంట పడుతుంది. తెలియకుండా తుడిచేస్తే నెట్ లేని కంప్యూటర్ ముందు కూర్చుని డ్రైవర్ (అడాప్టర్‌ను విండోస్ చేత నడిపించే సాఫ్ట్‌వేర్) కోసం వెతుక్కోవాలి.

ఎప్పుడు తీయాలి

ముందుగా ఒక ఆశ వదులుకోండి. పాత అడాప్టర్లు తీసేస్తే నెట్ స్పీడు పెరగదు. ఊడదీసిన డాంగిల్ పేరు జాబితాలో ఉన్నంత మాత్రాన అది ఏ పనీ చేయదు, మెమరీ తినదు. స్పీడు కోసమే అయితే ఈ పని పెట్టుకోవద్దు.

మరి ఎందుకు తీయాలంటే, మా మావయ్యగారింట్లో జరిగింది చెబుతాను. వైశాఖంలో గాలివాన వచ్చిన ఒక సాయంత్రం పిడుగు పడి మోడెమూ, దాంతోపాటు మదర్‌బోర్డులోని ల్యాన్ (నెట్ కేబుల్ తగిలించే) పోర్టూ పోయాయి. రిపేరు చేసే అబ్బాయి కొత్త ల్యాన్ కార్డు వేసి వెళ్లాడు. మావయ్య కంప్యూటర్‌కు ఐపీ అడ్రస్ (ఇంటి నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ను గుర్తించే నంబరు) 192.168.1.10 అని చేత్తో ఇచ్చి ఉంది, ఎందుకంటే ఆయన ప్రింటర్ స్కాన్ చేసిన కాగితాలను ఆ అడ్రస్‌కే పంపుతుంది. కొత్త కార్డుకు అదే అడ్రస్ ఇవ్వబోతే విండోస్ ఒప్పుకోలేదు. ఈ అడ్రస్ ఇప్పటికే వేరే అడాప్టర్‌కు ఇచ్చారు, ఆ అడాప్టర్ ఇప్పుడు కంప్యూటర్‌లో లేదు, దాని సెట్టింగు తీసేయమంటారా అని అడిగింది. కాలిపోయిన పోర్టే ఇంకా ఆ అడ్రస్‌ను పట్టుకుని ఉంది. ఆ ప్రశ్నకు ఎస్ అని నొక్కితే అడ్రస్ విడుదలవుతుంది కానీ పాత అడాప్టర్ పేరు జాబితాలో అలాగే ఉంటుంది. అందుకే కొత్త కార్డుకు ‘ఈథర్నెట్ 2’ అనే పేరు వచ్చింది. దాన్ని ‘ఈథర్నెట్’ అని మార్చబోతే ఆ పేరు ఇప్పటికే ఉందని విండోస్ మళ్లీ అడ్డుపడింది. కంటికి కనపడని దాంతో ఈ పేచీ ఏమిటని మావయ్యకు ఒకటే టెన్షన్.

ఇలాంటప్పుడు తీయాలి. ఇంకో సందర్భం వీపీఎన్ (నెట్‌ను వేరే సర్వర్ మీదుగా రహస్యంగా నడిపేది), వర్చువల్ మెషీన్ (కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌ను నడిపేది) లాంటి సాఫ్ట్‌వేర్లు వేసిన కంప్యూటర్లది. అవి పెట్టే అడాప్టర్లకు వస్తువంటూ ఉండదు కాబట్టి ఎప్పుడూ ‘ఉన్నట్టే’ కనపడతాయి. నిజంగా ఇబ్బంది పెట్టేది ఎక్కువగా ఇవే. ప్రింటర్ సాఫ్ట్‌వేరో, పిల్లలు ల్యాన్‌లో ఆడుకునే గేమో అసలు అడాప్టర్‌ను వదిలి వీటిని పట్టుకుని ‘నెట్‌వర్క్ దొరకలేదు’ అంటుంది.

మొదలుపెట్టే ముందు

ఒక కాగితం తీసుకుని, ఇప్పుడు పనిచేస్తున్న అడాప్టర్ పేరు, ఐపీ అడ్రస్, గేట్‌వే (రూటర్ అడ్రస్), డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేర్లను అడ్రస్‌లుగా మార్చే సర్వర్ అడ్రస్) రాసుకోండి. ఫోన్‌లో ఫొటో తీసుకున్నా సరే. వైఫై పాస్‌వర్డ్ కూడా. తర్వాత స్టార్ట్ మెనూలో ‘క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్’ అని వెతికి ఒక రిస్టోర్ పాయింట్ (తేడా వస్తే సిస్టమ్‌ను ఇప్పటి స్థితికి తిప్పుకునే గుర్తు) చేసిపెట్టుకోండి. అక్కడ సీ డ్రైవ్ పక్కన ప్రొటెక్షన్ ‘ఆఫ్’ అని ఉంటే ముందు ఆన్ చేయాలి.

ఆ తర్వాత చేయాల్సింది చాలామంది చేయరు, కానీ సగం గందరగోళం దీంతోనే తీరిపోతుంది. మీరు ఇప్పటికీ వాడుతున్నవన్నీ కంప్యూటర్‌కు తగిలించండి. వైఫై డాంగిల్ వాడుతుంటే గుచ్చండి. బ్లూటూత్ ఆన్ చేయండి. ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. కరెంటు పోయినప్పుడు ఫోన్‌తో టెథరింగ్ చేసే అలవాటుంటే ఆ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఇక కింద తెరవబోయే జాబితాలో మసకగా కనపడేవి చాలావరకు మీరు వాడనివే అవుతాయి.

పాతవాటిని బయటికి రప్పించడం

విండోస్ 10లోనూ 11లోనూ సులువే. విండోస్ బొమ్మ ఉన్న కీ పట్టుకుని ఎక్స్ నొక్కండి, వచ్చే మెనూలో డివైస్ మేనేజర్ (కంప్యూటర్‌లోని భాగాల జాబితా) తెరవండి. పైన ‘వ్యూ’లో ‘షో హిడెన్ డివైసెస్’ నొక్కండి. ఇప్పుడు ‘నెట్‌వర్క్ అడాప్టర్స్’ తెరిస్తే అంతవరకు లేని వరుసలు చాలా కనపడతాయి. గుర్తు మసకగా, రంగు వెలిసినట్టు ఉన్నవి ఇప్పుడు కంప్యూటర్‌కు తగిలించి లేనివి.

విండోస్ 7 ఇంకా వాడేవాళ్లకు ఒక మెట్టు ఎక్కువ. ‘షో హిడెన్ డివైసెస్’ నొక్కినా అందులో ఊడదీసినవి కనపడవు. కంట్రోల్ ప్యానెల్లో సిస్టమ్ తెరిచి, ఎడమవైపు ‘అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్’, అందులో ‘ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్’, కింది భాగంలో ‘న్యూ’ నొక్కి ఒక పేరు, ఒక విలువ ఇవ్వాలి. గునుపూర్‌లో ఉండే మా పిన్ని కొడుకుకు దీన్ని ఫోన్‌లోనే చెప్పి చేయించాను.

“అప్పా, పేరు చెప్పు, రాసుకుంటాను.”

“డి, ఇ, వి, ఎం, జి, ఆర్. తర్వాత అండర్‌స్కోర్. షో. అండర్‌స్కోర్. నాన్‌ప్రెజెంట్, మధ్యలో ఖాళీ వదలకు. అండర్‌స్కోర్. డివైసెస్.”

“విలువ?”

“ఒకటి, అంకెలో. ఓకే కొట్టి, డివైస్ మేనేజర్ తెరిచి ఉంటే మూసి మళ్లీ తెరువు.”

అక్షరం తేడా వస్తే పనిచేయదు, అందుకని రాసుకున్నాక ఒకసారి తిరిగి చదివించుకోండి. ఆ తర్వాత ‘షో హిడెన్ డివైసెస్’ నొక్కితే విండోస్ 7లోనూ పాతవి కనపడతాయి.

ఏది ఏమిటో పోల్చుకోవడం

ఇక్కడ తొందరపడకూడదు. మసకగా ఉన్న వరుస మీద రెండుసార్లు నొక్కండి. ‘జనరల్’ పేజీలో ఈ హార్డ్‌వేర్ ప్రస్తుతం కంప్యూటర్‌కు కలిపి లేదని, కోడ్ 45 అని ఉంటే అది నిజంగా లేని వస్తువు. ఇక ‘డీటెయిల్స్’ పేజీకి వెళ్లి పైనున్న పెట్టెలో ‘డివైస్ ఇన్‌స్టెన్స్ పాత్’ ఎంచుకోండి. కింద ఒక పొడుగాటి వరుస వస్తుంది. మనకు దాని మొదటి ముక్క చాలు. పీసీఐ అని మొదలైతే అది మదర్‌బోర్డులో ఉన్నదో, బోర్డు మీద స్లాట్‌లో దిగిన కార్డో. యూఎస్‌బీ అయితే డాంగిల్, ఫోన్, యూఎస్‌బీ ల్యాన్ లాంటిది. రూట్ అని మొదలైతే ఎక్కువగా ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టినది. ఎస్‌డబ్ల్యూడీ అని మొదలయ్యేవి ఎక్కువగా విండోస్ సొంతవి.

అదే పెట్టెలో ఇంకొంచెం కిందికి వెళ్తే ‘లాస్ట్ రిమూవల్ డేట్’ ఉంటుంది. ఆ వస్తువును కంప్యూటర్ చివరిసారి ఎప్పుడు వదిలిందో ఆ తేదీ చెబుతుంది. విండోస్ 7లో ఇది ఉండదు. మావయ్య కంప్యూటర్‌లో ఈ తేదీలు చూస్తూ ఒక్కో వరుస ఎక్కడిదో ఆయన్నే అడిగాను. పేరు చివర అంకె లేని రియల్‌టెక్ కంట్రోలర్ తేదీ గాలివాన పడిన వారానిది, అదే కాలిపోయిన పోర్టు. పక్కనే ‘#2’ అని ఉన్నది కొత్త కార్డు, దాని గుర్తు మసకగా లేదు. రెండూ ఒకే కంపెనీ చిప్‌లు కావడంతో పేరు ఒకటే వచ్చింది. ‘రిమోట్ ఎన్‌డిఐఎస్ బేస్డ్ ఇంటర్నెట్ షేరింగ్ డివైస్’ అని కొన్ని ఉన్నాయి. అవి టెథరింగ్ చేసిన ఫోన్లు. ఇంట్లో ఫోన్ మారినప్పుడల్లా ఒక కొత్త వరుస చేరింది. వైఫై డాంగిల్ ఒకటే అయినా రెండు వరుసలున్నాయి. కొన్ని చవక డాంగిళ్లకు సొంత సీరియల్ నంబరు ఉండదు, వేరే యూఎస్‌బీ పోర్టులో గుచ్చితే విండోస్ దాన్ని కొత్త వస్తువనుకుంటుంది. అందుకే వైఫై డాంగిల్‌కు ఒక పోర్టు కేటాయించి ఎప్పుడూ అందులోనే పెట్టుకోండి.

పాత సిమ్ డాంగిల్ ‘నెట్‌వర్క్ అడాప్టర్స్’లో దొరక్కపోతే ‘మోడెమ్స్’లో, ‘పోర్ట్స్’లో, సీడీ డ్రైవ్‌ల వరుసలో చూడండి. ఆ రోజుల్లో చాలా డాంగిళ్లు మోడెమ్‌లాగా నడిచేవి, తమ సాఫ్ట్‌వేర్‌ను ఒక ఉత్తుత్తి సీడీలో పెట్టుకుని వచ్చేవి. ఒక్క డాంగిల్ నాలుగు చోట్ల కనపడొచ్చు.

వీటి జోలికి వెళ్లకండి

‘వాన్ మినీపోర్ట్’ అని పేరు మొదలయ్యే వరుసలు చాలా ఉంటాయి. ఐపీ, ఐపీవీ6, ఎల్2టీపీ, పీపీటీపీ, పీపీపీఓఈ, ఎస్ఎస్‌టీపీ, ఐకేఈవీ2 అని. ఎప్పుడూ వినని పేర్లు కదా అని వీటిని తీసేస్తుంటారు. ఇవి విండోస్ సొంత భాగాలు. మీ ఇంట్లో కంప్యూటర్‌లో ‘బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్’ నొక్కి యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో డయల్ చేసే పద్ధతి ఉంటే దాన్ని నడిపేది ఆ పీపీపీఓఈ మినీపోర్టే. ‘మైక్రోసాఫ్ట్ కెర్నెల్ డీబగ్ నెట్‌వర్క్ అడాప్టర్’, ‘బ్లూటూత్ డివైస్, పర్సనల్ ఏరియా నెట్‌వర్క్’ కూడా అలాగే వదిలేయండి. ‘మైక్రోసాఫ్ట్ వైఫై డైరెక్ట్ వర్చువల్ అడాప్టర్’ మీ వైఫైకి పుట్టినది. వైఫై పనిచేస్తున్నంతకాలం దాన్ని కదపక్కర్లేదు. మసకగా ఉన్నదాన్ని పొరపాటున తీసేసినా అవసరమైనప్పుడు మళ్లీ వస్తుంది.

‘హైపర్-వి వర్చువల్ ఈథర్నెట్ అడాప్టర్’ (వర్చువల్ మెషీన్ల కోసం విండోస్ పెట్టేది) కనపడితే, ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలుంటే ముందు వాళ్లను అడగండి. అక్కర్లేదంటే ‘టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్’లోకి వెళ్లి ఆ ఫీచర్‌ను ఆపాలి. డివైస్ మేనేజర్లో తీస్తే మళ్లీ వచ్చేస్తుంది.

తీయడం

మొదట సాఫ్ట్‌వేర్, తర్వాత అడాప్టర్. ఈ వరస తప్పకండి. డాంగిల్‌తో వచ్చిన కనెక్షన్ ప్రోగ్రామ్, లాక్‌డౌన్‌లో వేసుకున్న వీపీఎన్, ఇప్పుడెవరూ తెరవని వర్చువల్‌బాక్స్ (వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్), ఇవన్నీ సెట్టింగ్స్‌లో ‘యాప్స్’ నుంచి అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. చాలావరకు వాటి అడాప్టర్లు వాటితోనే పోతాయి. ‘ట్యాప్-విండోస్ అడాప్టర్ వి9’ లాంటి వీపీఎన్ అడాప్టర్ మిగిలిపోతే అప్పుడు చేత్తో తీయండి. సాఫ్ట్‌వేర్ ఉండగానే అడాప్టర్ తీస్తే ఆ సాఫ్ట్‌వేర్ దాన్ని మళ్లీ పెట్టొచ్చు, లేదా తెరిచినప్పుడల్లా ఎర్రర్ చూపిస్తుంది.

మసక వరుస మీద కుడి నొక్కు నొక్కి ‘అన్‌ఇన్‌స్టాల్ డివైస్’ ఎంచుకోండి. కొన్నిటికి చిన్న పెట్టెలో ‘డిలీట్ ది డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఫర్ దిస్ డివైస్’ అని టిక్ అడుగుతుంది. విండోస్ 11లో ఇదే మాట కొంచెం వేరుగా ఉండొచ్చు. ఈ టిక్ దగ్గర బాగా ఆలోచించండి. మావయ్య కంప్యూటర్‌లో పాత పోర్టూ కొత్త కార్డూ ఒకే రకం చిప్. పాతదాన్ని తీస్తూ టిక్ పెడితే రెండూ వాడుకునే డ్రైవర్ కూడా పోయే ప్రమాదం ఉంది. టిక్ పెట్టలేదు. అదే 3జీ డాంగిల్ అయితే దాంతో ఇక ఏ పనీ లేదు, దాని డ్రైవర్ ఇంకెవరికీ అక్కర్లేదు, అక్కడ టిక్ పెట్టేశాను. అనుమానంగా ఉంటే టిక్ వదిలేయండి. డ్రైవర్ ఫైలు మిగిలిపోతే వచ్చే నష్టం లేదు, పోతే మాత్రం ఉంది.

ఒకదాని తర్వాత ఒకటి తీయండి. రీస్టార్ట్ చేయమని అడిగితే చేయండి. పొరపాటున పనిచేస్తున్న అడాప్టర్‌నే తీసేస్తే కంగారుపడకండి. డ్రైవర్ టిక్ పెట్టి ఉండకపోతే డివైస్ మేనేజర్లో ‘యాక్షన్’ కింద ‘స్కాన్ ఫర్ హార్డ్‌వేర్ ఛేంజెస్’ నొక్కండి, తిరిగొస్తుంది. చేత్తో ఇచ్చిన ఐపీ ఉంటే కాగితం చూసి మళ్లీ ఇవ్వాలి.

అలా తిరిగి రావడం వల్లే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. వస్తువు బోర్డు మీద ఉండగా అన్‌ఇన్‌స్టాల్ చేసి లాభం లేదు, రీస్టార్ట్ కాగానే ప్రత్యక్షమవుతుంది. పిడుగుకు పోయిన ల్యాన్ పోర్టు కొన్నిసార్లు పూర్తిగా చావదు. జాబితాలో మామూలుగానే కనపడుతుంది, కేబుల్ పెడితే మాత్రం పలకదు. దాన్ని బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సెట్టింగులు) ఆపాలి. కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ కీ గాని ఎఫ్2 గాని నొక్కితే ఎక్కువ బోర్డుల్లో బయోస్ తెరుచుకుంటుంది. ‘ఆన్‌బోర్డ్ ల్యాన్’ లాంటి పేరు వెతికి ‘డిసేబుల్డ్’ చేసి సేవ్ చేయండి. అప్పుడది డివైస్ మేనేజర్లో మసకబారుతుంది, పైన చెప్పినట్టే తీసేయొచ్చు.

అన్నీ అయ్యాక విండోస్ కీతో ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో ఎన్, సి, పి, ఎ, చుక్క, సి, పి, ఎల్ అని ఖాళీ లేకుండా టైపు చేసి ఎంటర్ కొట్టండి. మిగిలిన కనెక్షన్లు మాత్రమే కనపడతాయి. ‘ఈథర్నెట్ 2’ మీద కుడి నొక్కుతో ‘రీనేమ్’ చేస్తే ఈసారి ఏ అడ్డూ ఉండదు. మావయ్య ప్రింటర్ మళ్లీ 192.168.1.10కి కాగితాలు పంపుతోంది.

నెట్‌వర్క్ రీసెట్ గురించి

ఎవరినైనా అడిగితే ‘నెట్‌వర్క్ రీసెట్ కొట్టెయ్’ అంటారు. విండోస్ 10, 11 సెట్టింగ్స్‌లో అది ఉన్న మాట నిజమే. కానీ అది అడాప్టర్లన్నిటినీ తీసి మళ్లీ పెడుతుంది. చేత్తో ఇచ్చిన అడ్రస్‌లు, వైఫై పాస్‌వర్డులు పోతాయి, వీపీఎన్ సాఫ్ట్‌వేర్లు మళ్లీ వేసుకోవాల్సి రావొచ్చు. నెట్ అసలు పనిచేయక, ఏం చేసినా దారి దొరకనప్పుడు వాడాల్సింది అది. నెట్ చక్కగా వస్తుండగా జాబితా శుభ్రం కోసం దాన్ని నొక్కడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

కార్డును విప్పి తీయాల్సి వస్తే

పాత ల్యాన్ కార్డు స్లాట్‌లోనే ఉండిపోయి ఉంటే దాన్నీ తీసేయండి. కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, ప్లగ్గు పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. మూత తీశాక ముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒట్టి చేత్తో తాకండి. కార్డు వెనక ఉన్న ఒక్క స్క్రూ విప్పి, రెండు చివర్లూ పట్టుకుని తిన్నగా పైకి లాగండి. అటూ ఇటూ ఊపితే స్లాట్ పాడవుతుంది. ఆ ఖాళీకి రేకు ముక్క బిగించండి, లేకపోతే బల్లులు, బొద్దింకలు లోపల కాపురం పెడతాయి. మన ఊళ్లలో కంప్యూటర్ బోర్డులు దీనివల్ల కూడా పాడవుతాయి.

ఉరుములు మొదలైనప్పుడు కరెంటు ప్లగ్గు ఒక్కటే పీకితే చాలదు. మావయ్య ప్లగ్గు పీకే ఉంచారు, పిడుగు టెలిఫోన్ తీగ మీదుగా మోడెమ్‌లోకి, అక్కణ్ణుంచి ల్యాన్ కేబుల్ ద్వారా కంప్యూటర్‌లోకి వచ్చింది. ల్యాన్ కేబుల్ కూడా ఊడదీయండి. ఫైబర్‌లో గాజు తీగ మీద కరెంటు రాదు కానీ, ఫైబర్ మోడెమ్‌కు ఇచ్చిన కరెంటు అడాప్టర్ గోడ ప్లగ్గులోనే ఉంటుంది కదా, దాన్ని కూడా పీకాలి.

మూలన పడ్డ డాంగిళ్లను పారేసే ముందు తెరిచి చూడండి, చాలావాటిలో సిమ్ ఇంకా ఉంటుంది. ఆ సిమ్ తీసి, ఆ నంబరు ఏ బ్యాంకు ఖాతాకో, గ్యాస్ బుకింగ్‌కో ఇచ్చి ఉందేమో చూసుకోండి. వాడకుండా ఉన్న నంబరును కంపెనీ కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇచ్చేస్తుంది. ఇచ్చి ఉంటే బ్యాంకుకు వెళ్లి నంబరు మార్పించుకోండి.